వీఆర్ఎస్ పెడదామని ఎస్సార్ పట్టుకుని తిరిగితే...

నాది 1998 డీఎస్సీ, అంటే ఆ ఏటి టీచర్ల ఎంపికలో వచ్చినదాన్ని. మైనంపాడు డైట్‌లో టీచర్ ట్రైనింగ్ అయ్యాక కందుకూరు అవతల ఒక చిన్న పల్లెలో సెకండరీ గ్రేడ్ టీచర్‌గా చేరాను. 2009లో స్కూల్ అసిస్టెంట్‌గా ప్రమోషన్ వచ్చింది, సబ్జెక్టు గణితం. దర్శి వైపు ఒక హైస్కూల్లో చాలా ఏళ్లు చేసి, ఇప్పుడు ఒంగోలుకు దగ్గర్లో ఇంకో జెడ్పీ హైస్కూల్లో ఉన్నాను. పుట్టింది 1972లో. మన రాష్ట్రంలో రిటైర్మెంట్ వయసు 2022లో 62కి పెంచారు కాబట్టి లెక్క ప్రకారం 2034 దాకా ఉద్యోగం ఉంది. ఆ 2034 అన్న అంకె చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది.

ఎందుకంటే ఒక్క కారణం చెప్పలేను. పొద్దున స్కూలుకు రాగానే ఫోన్‌కి మొహం చూపించి హాజరు వేసుకోవాలి. సిగ్నల్ లేకపోతే గేటు దగ్గరికో, వేపచెట్టు కిందికో వెళ్లి ఫోన్ పైకెత్తి నిలబడాలి. ఆ తర్వాత భోజనం ఫొటోలు (2024 దాకా మరుగుదొడ్లవీ), ఈరోజు గుడ్లెన్ని, చిక్కీలెన్ని అన్న లెక్కలు. లెక్కల టీచర్ని కదా, అవన్నీ నా నెత్తినే. పదో తరగతి వాళ్లకు ఆదివారం కూడా క్లాసు, రిజల్టు తగ్గితే సంజాయిషీ. పిల్లల పక్కన కూర్చుని వాళ్ల నోటుబుక్కు చూసే టైము ఏటికేడు తగ్గిపోయింది. దానికి తోడు 2025 బదిలీలు. పాయింట్లు, సీనియారిటీ లిస్టు మీద అభ్యంతరాలు, వెబ్ ఆప్షన్లు, రాత్రి రెండింటికి సర్వర్ పనిచేస్తోందని వాట్సాప్ మెసేజ్. నాకు ఒకేచోట ఎనిమిదేళ్లు నిండలేదు గాబట్టి నేను కదలక్కర్లేదు. కానీ స్టాఫ్‌రూమ్ మొత్తం ఆ టెన్షన్లో ఉంటే మనమొక్కళ్లం ప్రశాంతంగా ఉండలేం కదా. అవి ముగిసిన వారమే వీఆర్ఎస్, అంటే స్వచ్ఛంద విరమణ, పెట్టేద్దామని నిర్ణయించుకున్నాను.

రూలు సులువే. ఇరవై ఏళ్ల క్వాలిఫయింగ్ సర్వీసు ఉంటే, మూడు నెలల ముందు నోటీసు ఇచ్చి వెళ్లిపోవచ్చు. 2004 సెప్టెంబర్ 1కి ముందే చేరాను కాబట్టి నాకు పాత పెన్షనే. ఆ తేదీ నుంచి చేరినవాళ్లంతా సీపీఎస్, అంటే జీతంలోంచి వాటా కట్టే కొత్త పెన్షన్. మా బ్యాచ్‌ని చూసి తర్వాతి వాళ్లకు కడుపు మండుతుంది, అందులో తప్పులేదు.

మా చుట్టుపక్కల సర్వీసు మేటర్స్ ఏవున్నా అందరూ వెళ్లేది ఒక రిటైర్డ్ హెడ్మాస్టారి దగ్గరికి. యూనియన్లో పనిచేసిన మనిషి, జీవోలు నంబర్లతో సహా నోటికి చెప్తారు. "నోటీసు రాయడం ఐదు నిమిషాల పని. ముందు నీ ఎస్సార్ పట్టుకురామ్మా" అన్నారు.

ఎస్సార్ అంటే సర్వీస్ రిజిస్టర్, ఉద్యోగి జాతకం. మొదటి పేజీలో పుట్టుమచ్చలు, ఎత్తు, వేలిముద్రలు. లోపల చేరిన తేదీ, ఏటా ఇంక్రిమెంటు, పీఆర్సీ వచ్చినప్పుడల్లా కొత్త జీతం ఫిక్సేషన్, 6, 12, 18, 24 ఏళ్లకు వచ్చే స్కేళ్లు, గ్రూప్ ఇన్సూరెన్సు, ప్రభుత్వ జీవిత బీమా ఏపీజీఎల్ఐ. వెనక సెలవుల ఖాతా. మనది వెకేషన్ డిపార్ట్‌మెంట్ అంటారు, అందుకని వేరే శాఖల వాళ్లకు ఏడాదికి 30 ఈఎల్‌లు, అంటే ఆర్జిత సెలవులు, జమైతే మనకు ఆరే. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఏటా మార్చి 31తో వేయాల్సిన ఒక్క వాక్యం. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఈమె సర్వీసును పే బిల్లులతో సరిచూశాం అని రాసి, కింద జీతాల బిల్లులు చేసే అధికారి (డీడీవో) సంతకం, సీలు. అది లేని సంవత్సరం మనం పని చేసినా చేయనట్టే.

మాస్టారు ఒక్కో పేజీ తిప్పుతూ అక్కడక్కడా కాగితం ముక్కలు పెట్టుకుంటూ పోయారు. మొదటి స్కూల్లో కొన్నేళ్లకు ఆ వాక్యం లేదు. దర్శి వైపు స్కూల్లో ఒక ఇంక్రిమెంటు రాశారు గానీ కింద సంతకం లేదు. వేసవి సెలవుల్లో చేసిన డ్యూటీలకు రావలసిన ఈఎల్‌లు ఖాతాకి ఎక్కలేదు. "ఇట్టా పంపితే ఆడిట్ వాళ్లు అబ్జెక్షన్ పెట్టి తిప్పి పంపుతారు. పాత అక్విటెన్సులు, జీతం తీసుకుని సంతకాలు పెట్టిన పట్టీలు, తీయించి వేయించుకో. ఇప్పుడే దొరకవు, ఇంకో పదేళ్లకైతే చెదలే దిక్కు" అన్నారు. ఉద్యోగంలో ఉన్న టీచర్లెవరైనా ఇది చదువుతుంటే ఇక్కడ ఆపి, ఈ వారమే మీ ఎస్సార్ తెరిచి చూసుకోండి. జిరాక్స్ తీసి ఇంట్లో పెట్టుకోండి.

ఇందులో ఇంకో చిక్కు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు కందుకూరు నియోజకవర్గం మొత్తం నెల్లూరు జిల్లాలోకి వెళ్లింది. నేను పనిచేసింది ప్రకాశంలో, రికార్డులున్నది అప్పటికి నెల్లూరులో. లెటర్ ఎవరి ద్వారా ఎవరికి పోవాలనే దాని మీదే కొన్నాళ్లు గడిచింది. చివరికి మా హెచ్ఎం గారే నేరుగా ఒక లెటర్ రాసి, "మనిషే వెళ్తే పని అవుతుంది, కాగితం వెళ్తే కాగితమే వస్తుంది" అని నా చేతిలో పెట్టారు. సీఎల్ పెట్టి బయల్దేరాను.

ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు ఉచితం గదా, ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకున్నాను. నేను వెళ్లింది శనివారం. మాలకొండ నరసింహస్వామి గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు. ఒంగోలులోనే బస్సు నిండింది, కందుకూరులో మారిన బస్సులో ఒంటికాలి మీద నిలబడ్డాను. అయినా కిటికీలోంచి చూస్తుంటే దారంతా తెలుస్తూనే ఉంది. నేను చేరిన కొత్తలో రోడ్డుకి రెండు పక్కలా పొగాకు, మధ్యమధ్య ఎత్తుగా ఇరుగ్గా పొగాకు ఆరబెట్టే బ్యారన్లు. ఇప్పుడు చాలా చోట్ల సుబాబుల్, జామాయిల్ తోటలు. బ్యారన్లు కొన్ని పనిచేస్తున్నాయి, కొన్నింటికి పైకప్పు కూడా లేదు.

ఎమ్మార్సీలో (మండల విద్యా వనరుల కేంద్రంలో) లెటర్ ఇచ్చాను. అక్కడ కంప్యూటర్ దగ్గర కూర్చున్న సీఆర్పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్, కాంట్రాక్టు ఉద్యోగి) దాన్ని చదివాడు. పేరు చూసి తలెత్తాడు. ముప్పై ఐదేళ్లుంటాయి, ముందు జుట్టు కొంచెం పలచబడింది.

"టీచర్, మీరు మా ఊళ్లో చేశారు. నేను మూడు నుంచి ఐదు దాకా మీ దగ్గరే" అన్నాడు. ఊరి పేరు, వాళ్లింటి పేరు చెప్పాడు. ఇంటి పేరు వినగానే పిల్లాడు గుర్తొచ్చాడు. పలక మీద అంకెలు ఇంత పెద్దవి రాసి, ఆరో అంకెకి చోటు లేక పలక తిప్పి వెనక రాసేవాడు.

వాడే బీరువా తీశాడు. వాడు అనకూడదు ఇప్పుడు. అతనే బీరువా తీశాడు. గుడ్డమూటలు కట్టి పేర్చిన పాత బిల్లులు. మొదటి రెండు మూటల్లో చెదలు మార్జిన్ మొత్తం తినేసి అంకెలు మాత్రం వదిలేశాయి. చొక్కా చేతులు మడిచి, నేల మీద పాత పేపర్లు పరిచి, ఏడాది వారీగా వేరుచేస్తూ పోయాడు. భోజనానికి కూడా లేవలేదు. మధ్యాహ్నం దాటాక నా పేరున్న అక్విటెన్స్ తగిలింది. రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా నా సంతకం, పేరంతా గుండ్రంగా, పొడవుగా, చివర రెండు చుక్కలు పెట్టి. ఇప్పుడు నేను పెట్టే సంతకంలో సగం అక్షరాలే ఉంటాయి. "ఇది మీదేనా టీచర్?" అని అనుమానంగా అడిగాడు. అడగాల్సిందే మరి.

మండల విద్యాధికారి ఎంఈవో గారు స్కూల్ విజిట్లకు వెళ్లారు, సాయంత్రానికి గానీ రారన్నారు. అలా కూర్చున్నప్పుడు నేనే పొగాకు చీటీల సంగతి ఎత్తాను. నేను అక్కడ చేసినన్నాళ్లూ గర్వంగా చెప్పుకున్న పాఠం అది.

అవి డీపెప్ (జిల్లా ప్రాథమిక విద్యా పథకం) రోజులు. బోధనోపకరణాలకని టీచర్‌కి ఏటా 500 రూపాయలు ఇచ్చేవారు. అందరం చార్టులు, థర్మకోల్ కొనేవాళ్లం. ఐదో తరగతికి దశాంశాల గుణకారం చెప్తుంటే ఒక్కళ్లకీ ఎక్కడం లేదు. మా ఊరి రైతులు పొగాకు బేళ్లు కందుకూరు వేలం కేంద్రానికి తీసుకెళ్లి అమ్ముకుని వచ్చేవాళ్లు. ఇంట్లో చూరులో దోపిన ఆ చీటీలు తెమ్మన్నాను. గ్రేడు, బేలు బరువు, కిలో ధర అన్నీ ఉంటాయి. 118 కిలోల బేలు, కిలో 34 రూపాయల 50 పైసలు, ఎంతొస్తుంది? పుస్తకంలో లెక్కకి నోరెత్తని పిల్లలు ఈ లెక్కకి కొట్టుకునేవాళ్లు. 4,071 అని ముందు చెప్పినవాడు ఆ రోజుకి హీరో. ఈ చీటీల పాఠం మా మండలం సమావేశాల్లో కూడా చెప్పాను, నలుగురూ బాగుందన్నారు. 2000-01లో ఆంధ్రాలో పొగాకుకి క్రాప్ హాలిడే ఇచ్చినప్పుడు బ్యారన్లు వెలగలేదు, చీటీలూ లేవు. చాలా ఇళ్ల వాళ్లు కూలికి హైదరాబాదు, బెంగళూరు వెళ్లిపోయారు, నా హాజరు పట్టీ సగానికి వచ్చింది. అది వేరే కథ.

ఇదంతా చెప్పి, "గుర్తుందా నీకు?" అన్నాను.

"చీటీలంటే... ఏదో ఉంది టీచర్, లెక్కలైతే గుర్తులేవు" అన్నాడు. కొంచెం ఆగి, "మా నాయన చీటీ తీసుకుని బడికొచ్చాడు, అది మాత్రం గుర్తుంది" అన్నాడు.

వాళ్ల నాన్న కౌలు రైతు. బ్యారన్ వేరేవాళ్లది, అమ్మకమూ వాళ్ల పేరు మీదే. తన వాటా సరిగ్గా లెక్కకట్టారో లేదో చూపించుకోవడానికి చీటీ పట్టుకుని బడికి వచ్చాడట. పిల్లల చేత వేయించానట. లెక్క సరిగ్గానే ఉందట. నాకు లీలగా కూడా గుర్తులేదు.

"మీరు కుర్చీలోంచి లేచి, 'రండి, కూర్చోండి' అని మా నాయన్ని పేరు చివర గారు పెట్టి పిలిచారు. పెద్దపిల్లల చేత బెంచీ తెప్పించి వేయించారు. మా నాయన కూర్చోలేదు, తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఇంటికి పోయి మా అమ్మకి అదే చెప్పాడు, మా పెద్దమ్మొస్తే మళ్లీ చెప్పాడు. 'టీచరమ్మ నన్ను గారూ అనింది' అని. మాది కాలనీ గదా టీచర్. ఊళ్లో మా నాయన్ని 'ఒరే' అనకుండా పిలిచినోళ్లు లేరు అప్పటిదాకా. నేను బడి మానకుండా ఉండింది అందుకే. ఆమె దగ్గరికైతే పో, అనేవాడు."

ఏం మాట్లాడాలో తోచలేదు. గారు అనడం నేను ఆలోచించి చేసిన పని కాదు. మా నాన్న రిక్షావాణ్ణి కూడా మీరనేవాడు, ఆ ఇంట్లో పెరిగినందుకు వచ్చిన మాట అది. పాఠ్య ప్రణాళికలో రాసుకున్నది కాదు, దానికి మార్కులు లేవు, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు చూసింది కాదు. నేను ఇరవై ఏళ్లకు పైగా దాచుకున్న పాఠాన్ని వాడు మర్చిపోయాడు. నేను మర్చిపోయిన మాటని వాళ్లింట్లో దాచుకున్నారు. బస్సులో వస్తూ చాలాసేపు ఇదే ఆలోచించాను. నా పొగాకు పాఠానికి కొంచెం అవమానం జరిగినట్టు కూడా అనిపించింది, నిజం చెప్పాలంటే.

వాళ్ల నాన్నకు ఫోన్ కలిపి ఇచ్చాడు. గొంతు వణుకుతోంది గానీ మనిషి గట్టిగానే ఉన్నాడు. "ఎట్టున్నారమ్మా? మీ అయ్యగారు, పిల్లలు బాగుండారా?" అని అన్నీ అడిగి, చివర్లో, "మావోడిది కాంట్రాక్టేనంటమ్మా. నువ్వు పెద్ద టీచరువి గదా, కాస్త పర్మినెంటు చేయించు" అన్నాడు. అతను సిగ్గుపడి ఫోన్ లాక్కున్నాడు. సీఆర్పీల పర్మినెంటు నా చేతిలో ఉంటే ఆ రోజే చేసేదాన్ని.

ఆరింటికి ఎంఈవో గారు వచ్చి, అక్విటెన్సులు సరిచూసి, సంవత్సరానికొక వాక్యం రాసి సంతకాలు పెట్టారు. సీలు కూడా స్పష్టంగా పడింది, ఈ ఉద్యోగంలో అది అరుదు.

అందరూ ఇలాగే గుర్తుపెట్టుకుంటారని అనుకుంటారేమో. తిరుగు బస్సులో నా పక్క సీట్లో కూర్చున్న మనిషి కనుబొమ్మ మీద మచ్చ చూసి గుర్తుపట్టాను. బడి దగ్గర వేపచెట్టు మీద నుంచి పడితే నేనే చీర కొంగు అదిమిపెట్టి ఆర్ఎంపీ దగ్గరికి తీసుకెళ్లాను. పేరు పెట్టి పలకరించి, నేను ఫలానా అని చెప్పాను. "అవునా మేడం... గుర్తులేదండీ" అని మర్యాదగా నవ్వి, సింగరాయకొండ వచ్చేదాకా నిద్రపోయాడు. అతన్ని తప్పుపట్టను. నా మూడో తరగతి టీచర్ పేరు నాకూ గుర్తులేదు.

దర్శి వైపు స్కూలుకు వెళ్లడం దసరా సెలవుల తర్వాత కుదిరింది. అక్కడ రికార్డు పద్ధతిగానే ఉంది. ఇంక్రిమెంటు కింద సంతకానికి, ఈఎల్‌లకు కావలసిన డ్యూటీ సర్టిఫికెట్లు వెతకడానికి పెద్దగా టైం పట్టలేదు. పని ముగించుకుని బయటికొస్తుంటే ఆకాశంలోంచి అన్నట్టు "మేడం! మేడం!" అని కేక. తల ఎత్తి చూస్తే కరెంటు స్తంభం మీద ఒకడు, నడుముకి బెల్టు, చేతిలో కటింగ్ ప్లేయర్. "ఆగండి మేడం, దిగుతున్నా" అంటూ వేగంగా దిగుతుంటే నా గుండె గొంతులోకి వచ్చింది. "మెల్లిగా దిగరా" అని అరిచాను.

2011 మార్చి బ్యాచ్. అప్పటికింకా గ్రేడింగ్ రాలేదు, మార్కులే. పదకొండు పేపర్లు. గణితం రెండు పేపర్లకీ కలిపి వాడికొచ్చింది 29. మిగతా అన్నీ పాసే. రిజల్టు రోజు వాళ్లన్నయ్య బెల్దారి పనికి తీసుకుపోతానని సంచీ సర్దేశాడు. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీకి ఫీజు కట్టించి, ఇంకో నలుగురితో కలిపి కూర్చోబెట్టాను. ఆ పాఠం గొప్పదేం కాదు, లెక్కల టీచర్లందరికీ తెలిసిన పాస్ మెటీరియలే. మాత్రికలు, సాంఖ్యక శాస్త్రం, కంప్యూటింగ్, ఒక గ్రాఫు. త్రికోణమితి జోలికి పోవద్దు, వైశ్లేషిక రేఖాగణితంలో సూత్రం రాసి వదిలెయ్ అని. నాకు గణితమంటే ఇష్టం, అలా కోసి పెట్టడం నాకు నచ్చదు. కానీ అప్పుడు నా ఇష్టంతో పనిలేదు. 41తో పాసయ్యాడు. తర్వాత ఐటీఐ ఎలక్ట్రికల్. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల ఉద్యోగాలు పడ్డప్పుడు ఎనర్జీ అసిస్టెంట్‌గా వచ్చింది. పది పాసు కాకపోతే ఐటీఐ లేదు, ఐటీఐ లేకపోతే ఆ ఉద్యోగం లేదు.

"మాత్రికలు ఇంతవరకు ఎక్కడా పనికి రాలేదు మేడం" అన్నాడు నవ్వుతూ, చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ.

"పనికొచ్చాయిగా, పది మార్కులు" అన్నాను.

"ఆ రోజు ఊరంతా నన్ను ఫెయిలు, ఫెయిలు అన్నారు. మీరు మార్కుల లిస్టు చూసి, 'ఆరు మార్కులే తగ్గాయిరా' అన్నారు. అంతే మేడం, నాకు 29 కనపడటం మానేసింది, ఆరే కనపడేది."

35లోంచి 29 తీసేస్తే ఆరు. లెక్కల టీచర్ ఎవరైనా అదే అంటారు.

తర్వాత వాడు వాళ్ల బ్యాచ్ ఆత్మీయ సమ్మేళనానికి రమ్మని పట్టుబట్టాడు. వెళ్లాను. ఈ సమ్మేళనాల మీద నాకు పెద్ద మోజు లేదు. ఫ్లెక్సీ, శాలువా, గడియారం ఉన్న మెమెంటో, డ్రోన్ వీడియో. మా ఇంట్లో బీరువా కింది అరంతా శాలువాలే, ఎవరికి ఇవ్వాలో తెలియదు. బాగా స్థిరపడ్డవాళ్లు మైకు పట్టుకుంటారు, మిగతావాళ్లు వెనక నిలబడతారు, కొంతమంది అసలు రారు. హైదరాబాదులో సెంట్రింగ్ పని చేస్తున్న ఒకడు వచ్చాడు. గుంపు ఫొటోలోకి రాకుండా వంట దగ్గరే తిరుగుతుంటే నేనే వెళ్లి పలకరించాను. "మీ అమ్మాయి ఏం చదువుతోంది?" అంటే ఏడో తరగతి అని, ఆ పిల్ల లెక్కల నోటుబుక్కు ఫొటోలు ఫోన్లో చూపించాడు. భిన్నాల కూడికలో కసాగు తప్పు పడుతోంది. అక్కడే నిలబడి చెప్పాను, రాత్రికి వీడియో కాల్ చేసి ఆ పిల్లకీ చెప్పాను. శాలువా కప్పిన సంగతి కంటే ఆ కాల్ నాకు బాగా గుర్తుంది.

ఈలోగా 2025 మెగా డీఎస్సీ సెలక్షన్లు అయ్యాయి. 16,347 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. అందులో మా దర్శి స్కూలు అమ్మాయి ఒకతె సెకండరీ గ్రేడ్ టీచర్‌గా వచ్చింది. చేరిన వారం ఫోన్ చేసింది. "మేడం, ఎస్సార్ పుస్తకం ఎక్కడ కొనాలి? రెండు కొనమంటున్నారు" అని. ఎస్సార్ గురించి అప్పుడు నన్ను అడగాలా! రెండో పుస్తకం నీ దగ్గర ఉంచుకో, ఒకదాంట్లో ఏది రాస్తే రెండోదాంట్లోనూ రాయించు, పుట్టుమచ్చలు టెన్త్ మెమోలో ఉన్నవే రాయించు, ఏటా ఏప్రిల్ రాగానే సంతకం పెట్టించు, వాళ్లే పెడతారులే అనుకోకు. అన్నీ రాసుకుంది. ఆమెది సీపీఎస్, నా పెన్షన్ ఆమెకు రాదు. ఆ మాట ఎత్తలేదు.

పెట్టేస్తుందనుకుంటే, "ఇంకోటి మేడం. మూడో తరగతిలో ఒక పిల్లాడు నోరే తెరవడు. అడిగితే తల దించుకుంటాడు. ఏం చేయాలి?" అంది.

వినికిడి సంగతి చూశావా, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, వలస వెళ్లి వచ్చారా, ఏ ఆటలో నవ్వుతాడు, ఎవరి పక్కన కూర్చుంటాడు అని ఒక్కొక్కటీ అడిగాను. తనకు సగం తెలియదు, కనుక్కుని చెప్తానంది. వాణ్ణి అందరిముందూ లేపవద్దని, పలక ఇచ్చి రాయించమని, వారం దాకా జవాబు ఆశించవద్దని చెప్పాను. ఇంకా చాలా చెప్పాను. కుక్కర్లో పప్పు మాడింది. అప్పటినుంచి రెండు రోజులకోసారి ఫోన్ చేసి ఆ పిల్లాడి సంగతి చెప్తోంది. వాళ్ల ఇంట్లో లంబాడీ మాట్లాడతారట, ఊరికి ఈ ఏడే వచ్చారట. మొన్న పక్కపిల్ల చెవిలో ఏదో చెప్పి నవ్వాడట.

డిసెంబర్ మొదట్లో మాస్టారి దగ్గరికి ఎస్సార్ తీసుకెళ్లాను. ఆయన పెట్టిన కాగితం ముక్కలన్నీ ఒక్కొక్కటే తీసేస్తూ చూశారు. ఒక చోట ఆగి సీలు తేదీ చూసి, తల ఊపి ముందుకు పోయారు.

"క్లియర్. ఇక ఆడిట్‌కి పట్టుకోవడానికేం లేదు. డేటు చెప్పు, నోటీసు రాసేద్దాం."

"పదో తరగతి నూరు రోజుల ప్లాన్ మొదలైంది మాస్టారూ. మార్చి పరీక్షలు కానివ్వండి."

"మార్చి అయితే మే సప్లిమెంటరీ అంటావు."

"అంటానేమో."

"మరి నాతో ఇంత పని ఎందుకు చేయించావమ్మా?" అన్నారు గానీ కోపంగా అనలేదు. కోడలు తెచ్చిన కాఫీ ఇచ్చి, ఇప్పుడు మా స్కూల్లో చదువులో వెనకబడ్డ డి గ్రూపులో ఎంతమంది ఉన్నారని అడిగారు. ఆయనా ఒకప్పుడు లెక్కల మాస్టారే. ఇప్పుడు పదికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం, మాత్రికలు లేవు, మన పాత పాస్ మెటీరియల్ పనికిరాదు అంటే, దేంతో మొదలుపెట్టావని అడిగారు. సాంఖ్యక శాస్త్రం, దాని వెంటే సంభావ్యత అన్నాను. గ్రాఫు ముందు పెట్టమని ఆయన, గ్రాఫు తర్వాతని నేను. కాఫీ చల్లారేదాకా వాదించుకున్నాం. గ్రాఫు తర్వాతే పెట్టాను.